గోడలో చిక్కిన చెంచాడు నీళ్ళు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందని తెలుగువాళ్ళ లెక్క. 2021లో శివరాత్రి మార్చి 11న వచ్చింది. దానికి నెల్లాళ్ళ ముందు అమెరికాలోని టెక్సస్ మీద పడ్డ చలికి మాత్రం ఏ దేవుడి పేరూ గుర్తు రాలేదు. ఫిబ్రవరి 16న డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో మైనస్ 2 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో దాదాపు మైనస్ 19 డిగ్రీల సెల్సియస్. 1949 తర్వాత అక్కడ అంత చలి ఎన్నడూ లేదు. అంతకు పదహారు రోజుల ముందు శ్రీనగర్‌లో మైనస్ 8.8 డిగ్రీలు నమోదైతే, ముప్పై ఏళ్ళలో ఇంత చలి చూడలేదని కాశ్మీర్ అంతా చెప్పుకుంది. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో లాంటి డాలస్ శివార్లలో వేల తెలుగు కుటుంబాలున్నాయి. హైదరాబాద్ ఎండకు దగ్గరగా ఉంటుందనే ధీమాతో అక్కడ ఇల్లు కొనుక్కున్నవాళ్ళు, ఆ వారం శ్రీనగర్‌ను మించిన చలిలో కూర్చున్నారు.

చలి కంటే ఎక్కువ మందికి గుర్తుండిపోయింది ఆ తర్వాత వచ్చిన వెచ్చదనమే. ఫిబ్రవరి 19 రథసప్తమి. ఆ చుట్టుపక్కల రోజుల్లోనే ఎండ కాసింది, ఇళ్ళ కప్పుల మీది మంచు కరగడం మొదలైంది. అప్పుడు సీలింగులు కారడం మొదలుపెట్టాయి. పైపు చలిలో చీలినా, లోపల మంచుగడ్డ బిరడాలా అడ్డం ఉన్నంతసేపు చీలిక సంగతి బయటపడదు. గడ్డ కరిగాక గానీ నీరు కదలదు. ఆపద దాటిపోయిందనుకుని జనం ఊపిరి పీల్చుకుంటున్న వేళ, అటక మీది పైపు నుంచి నిమిషానికి లీటర్ల కొద్దీ నీళ్ళు సీలింగు బోర్డు మీదికి దిగాయి. తడిసి బరువెక్కిన బోర్డు, దాని మీద పరిచిన దూదిలాంటి ఇన్సులేషన్‌తో సహా, సోఫాల మీదికి ఊడిపడింది. హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలోని హాబీ స్కూల్ తర్వాత జరిపిన సర్వేలో నూటికి 69 మంది కరెంటు పోయిందన్నారు, 49 మంది నీళ్ళు ఆగిపోయాయన్నారు. దాదాపు మూడోవంతు మంది తమ ఇంటికి నీటివల్ల నష్టం జరిగిందన్నారు.

నీరు గడ్డకడితే పైపు పగులుతుంది, ఇది అందరికీ తెలిసిన సంగతే. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోయిన గాజుసీసా ఈ పాఠం చాలా ఇళ్ళలో చెప్పే ఉంటుంది. కానీ సీసా చెప్పే పాఠం పైపుకు సగమే వర్తిస్తుంది. ఆ మిగతా సగం తెలియకపోవడం వల్లే చాలామంది అవసరం లేని చోట దుప్పట్లు చుట్టి, తెరిచి ఉంచాల్సిన చోట కుళాయి బిగించి పడుకున్నారు.

ముందు సీసా పాఠమే చూద్దాం. చాలా పదార్థాలు చల్లబడితే కుంచించుకుపోతాయి. నీరూ 4 డిగ్రీల సెల్సియస్ దాకా అలాగే నడుచుకుంటుంది. అక్కణ్ణుంచి తోవ మార్చుకుంటుంది. మంచుగా మారేటప్పుడు ప్రతి నీటి అణువూ తన చుట్టూ నాలుగే అణువులను, అవీ నిర్ణీత దిశల్లోనే, పట్టుకుని కూర్చుంటుంది. సంతలో భుజాలు రాసుకుంటూ నిలబడ్డ జనమే చేతులు చాచి పట్టుకుని కోలాటానికి నిలబడితే ఎక్కువ జాగా పడుతుంది. నీటి విషయంలోనూ అంతే. లీటరు నీరు గడ్డకడితే దాదాపు లీటరూ 90 మిల్లీలీటర్ల మంచు అవుతుంది. ఈ తొమ్మిది శాతం పెరుగుదలకు ఎంత బలముందో 17వ శతాబ్దంలోనే పరీక్షించి చూశారు. ఫ్లారెన్స్‌లోని అకడెమియా దెల్ చిమెంతో పండితులు లోహపు గోళాల్లో నీళ్ళు నింపి, మూసి, గడ్డకట్టించి పగలగొట్టారు. 1784-85 శీతాకాలంలో కెనడాలోని క్విబెక్‌లో ఎడ్వర్డ్ విలియమ్స్ అనే బ్రిటిష్ ఫిరంగిదళ అధికారి ఇనుప బాంబుగుళ్ళలో నీళ్ళు పోసి, మూతి బిరడాతో బిగించి, ఆరుబయట చలిలో పెట్టాడు. కొన్ని గుళ్ళు పగిలాయి. కొన్నిటి బిరడాలు వందల అడుగుల దూరం ఎగిరిపడ్డాయి. మందుగుండు రవ్వంత కూడా వాడలేదు!

ఫిరంగిగుండు అన్ని వైపులా మూసి ఉంటుంది. ఇంటి పైపు అలా కాదు. దాని ఒక కొస వీధిలోని మంచినీటి లైనుకు తెరిచే ఉంటుంది. గోడలోపల ఓ చోట పైపు చల్లబడి, లోపలి అంచు వెంబడి మంచుపొర కట్టడం మొదలైందనుకోండి. మంచు పెరిగేకొద్దీ నీటికి జాగా తగ్గుతుంది, ఆ నీరు వెనక్కి వీధి లైనులోకి సర్దుకుంటుంది. పైపు మీద అదనపు ఒత్తిడేమీ పడదు. పొర మందమై, మధ్యలో కలిసిపోయి, దారి పూర్తిగా మూసుకున్నాక మాత్రం కథ మారుతుంది. ఇప్పుడు గడ్డకూ, మూసి ఉన్న కుళాయికీ మధ్య ఉన్న నీరు ఇటూ అటూ పోలేదు. గడ్డ ఇంకా పెరుగుతోంది. పెరిగిన ప్రతి అంగుళమూ ఆ చిక్కుకున్న నీటిని పిచికారీలో కాడ నెట్టినట్టు నెడుతుంది. పైపును పగలగొట్టేది ఆ నీటి ఒత్తిడే. అందుకే చీలిక చాలాసార్లు గడ్డ ఉన్న చోట కాక, కుళాయి వైపు కొంత దూరంలో, మంచు ఛాయలు కూడా లేని చోట కనిపిస్తుంది. సింకు కింద వెచ్చటి మూలలో పైపు పగిలితే ఇంటివాళ్ళకు తల తిరిగిపోయేది ఇందుకే.

1990ల్లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలోని భవన పరిశోధనా మండలి ఈ సంగతిని ప్రయోగాలతో తేల్చింది. జెఫ్రీ గోర్డన్ 1996లో రాసిన నివేదిక ఇళ్ళ బీమా రంగానికి ఈ విషయంలో పాఠ్యపుస్తకం లాంటిది. అటకలో పైపులు బిగించి, నిజమైన శీతాకాలానికి వాటిని వదిలేసి, ఉష్ణోగ్రతలూ ఒత్తిళ్ళూ కొలిచారు. ఒత్తిడి మామూలు నుంచి పదుల రెట్లకు ఎగబాకడం కొలతల్లో కనిపించింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకుంటే కళ్ళు తెరుచుకుంటాయి. నీటిని నొక్కడం మహా కష్టం. ఘనపరిమాణంలో ఒక్క శాతం తగ్గించాలంటే సుమారు 200 వాతావరణ పీడనాలు కావాలి. ఇళ్ళలో వాడే అరంగుళం రాగి పైపు పగలాలంటే, మెత్తని రకమైతే 300, గట్టి రకమైతే 500 వాతావరణ పీడనాలకు పైచిలుకు కావాలి. గడ్డకూ కుళాయికీ మధ్య మూడు మీటర్ల పైపు ఉందనుకుందాం. అందులో పట్టే నీరు సుమారు 450 మిల్లీలీటర్లు. దాన్ని ఒకటిన్నర నుంచి రెండున్నర శాతం నొక్కితే పైపు పని అయిపోయినట్టే. 450లో అది ఎంత? ఏడు నుంచి పదకొండు మిల్లీలీటర్లు. టీచెంచాతో కొలిస్తే చెంచాన్నర, మహా అయితే రెండున్నర చెంచాలు. అంతే. ఆ కాస్త నీరు కుళాయిలోంచి బయటికి కారిపోయి ఉంటే ఒత్తిడి పెరిగేదే కాదు. వేల డాలర్ల సీలింగు, గోడలు, కార్పెట్టు పోవడానికీ నిలవడానికీ మధ్య తేడా ఆ రెండు చెంచాలు.

కుళాయి సన్నగా కారనివ్వమని పెద్దలు చెప్పే మాట వెనకున్న అసలు కిటుకు ఇదే. పారే నీరు గడ్డకట్టదని చాలామంది దానికి కారణం చెబుతారు. అందులో కొంత నిజముంది. వీధి లైనులోంచి వచ్చే నీరు నేల వెచ్చదనాన్ని కాస్త మోసుకొస్తుంది. కానీ గట్టి చలిలో బొట్టు బొట్టుగా కారే నీరు గడ్డకట్టకుండా ఉండదు. గడ్డకట్టినా ఫరవాలేదు, చిక్కుకున్న నీటికి తలుపు తెరిచి ఉంది కదా! అందుకే ఏ కుళాయి కారుతోందన్నది కూడా ముఖ్యమే. అటక మీంచి వచ్చే పైపు గడ్డకట్టేలా ఉంటే, ఆ పైపు చివరి కుళాయే తెరవాలి. పక్క బాత్‌రూములో కుళాయి కారిస్తే దానికి ఒరిగేదేమీ లేదు. ఒకే పిడి ఉన్న కుళాయి అయితే పిడిని మధ్యలో ఉంచాలి, వేడినీళ్ళ పైపూ చన్నీళ్ళ పైపూ రెండూ ఊపిరి తీసుకునేలా.

వేడినీళ్ళ పైపు ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక పాత వింత. వేడినీళ్ళ పైపులే ముందు పగులుతాయని అమెరికా ప్లంబర్లు ఏనాటి నుంచో అంటుండేవాళ్ళు. చాదస్తం అని కొట్టిపారేయదగ్గ మాటే. కానీ 1916లో ఎఫ్.సి. బ్రౌన్ అనే శాస్త్రవేత్త ఫిజికల్ రివ్యూ పత్రికలో ఇదే విషయం మీద వ్యాసం రాశాడు. చల్లారిన తర్వాత కూడా కాచిన నీటి తీరు వేరుగా ఉంటోందని పరీక్షించి చూపాడు. దానికి మంచి వివరణ రావడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్.ఆర్. గిల్పిన్ 1970ల్లో గొట్టాల్లో నీటిని నెమ్మదిగా చల్లబరిచి గమనించాడు. కదలకుండా ఉన్న నీరు సున్నా దగ్గర గడ్డకట్టలేదు. మైనస్ 4, మైనస్ 5 డిగ్రీల దాకా నీరుగానే దిగింది. అక్కడ ఏదో చిన్న ప్రేరణ దొరకగానే క్షణాల్లో గొట్టమంతా ఈకల్లాంటి పల్చని మంచు రేకులు అల్లుకుపోయాయి.

మైనస్ 4 దాకా దిగిన నీరు ఒక్కసారిగా గడ్డకట్టడం మొదలుపెడితే ఎంత నీరు మంచవుతుంది? గ్రాము నీరు మంచుగా మారేటప్పుడు 334 జౌళ్ళ గుప్తోష్ణం వదులుతుంది. ఆ వేడి మిగతా నీటిని తిరిగి సున్నాకు తెచ్చేస్తుంది. లెక్క వేస్తే నూటికి ఐదు పాళ్ళే మంచు. తొంభై ఐదు పాళ్ళు ఇంకా నీరే. అయినా ఆ ఐదు పాళ్ళ ఈకలు గొట్టం అడ్డకోతంతా వలలా పరుచుకోవడంతో దారి మూసుకుపోతుంది. నెమ్మదిగా అంచుల నుంచి పెరిగే పొరైతే దారి మూయడానికి గంటలు తీసుకుంటుంది, ఈకలకు క్షణాలు చాలు. కాచిన నీటిలో కరిగిన గాలి తక్కువ. అది మామూలు నీటికంటే మరింత లోతుకు దిగి, ఆపైనే గడ్డకట్టే అవకాశం ఎక్కువ. ప్లంబర్ల మాటలో నిజముందన్నమాట.

ఇల్లినాయి ప్రయోగాలు ఇచ్చిన మరో అంకె 20 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మైనస్ 7 సెల్సియస్ దరిదాపు. ఇన్సులేషన్ లేని అటకలో పైపులకు ప్రమాదఘంటిక మోగేది బయట అంత చలి పడినప్పుడే. సున్నాకే ఎందుకు కాదు? ఒక కారణం, ఇంటి నుంచి పైకి జారే కాస్త వెచ్చదనం. రెండోది, ఇప్పుడు చెప్పుకున్నట్టు సున్నా దాటినా నీరు గడ్డకట్టడంలో జరిగే ఆలస్యం. దీనికి గాలి తోడైతే అంకె మారిపోతుంది. కేబుల్ తీగ కోసం గోడకు వేసిన చిన్న రంధ్రంలోంచి దూసుకొచ్చే ఈదురుగాలి ఎదురుగా ఉన్న పైపును అంత చలి లేకపోయినా గడ్డకట్టించగలదు.

మన లంబసింగి సంగతి ఇక్కడ గుర్తుకు రావాలి. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. చలికాలంలో ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. కొన్ని డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కడ సున్నా దరిదాపులకు దిగుతుంది, గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. మరి కుళాయిలు పగలవేం? గడ్డిపరక పల్చగా ఉండి, నిర్మలమైన ఆకాశంలోకి తన వేడిని వెదజల్లేసి, చుట్టూ గాలి కంటే చల్లబడుతుంది. అందుకే దాని మీద మంచు. పైపులోని నీరు అలా కాదు. సున్నా డిగ్రీల గాలి నీటిని సున్నాకు చేర్చగలదేమో గానీ గడ్డకట్టించలేదు. గడ్డకట్టాలంటే ఆ గుప్తోష్ణం మొత్తం బయటికి లాగే చలి గంటల తరబడి ఉండాలి. లంబసింగిలో సున్నా కనిపించేది తెల్లవారుజామున కాసేపు, పొద్దెక్కితే స్వెట్టరు విప్పాల్సిందే. డాలస్‌లో ఆ ఫిబ్రవరిలో పగలు కూడా సున్నాకు కిందే ఉంది, అదీ రోజుల తరబడి.

టెక్సస్‌లోని హ్యూస్టన్ 30 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గర, ఢిల్లీ కంటే కాస్త ఎగువన. ఢిల్లీలో జనవరిలో ఎంత చలేసినా పైపులు పగలవు. హ్యూస్టన్‌కు ఎందుకీ బాధ అంటే జవాబు హిమాలయాల్లో ఉంది. ఉత్తరధ్రువపు గాలికి అడ్డంగా అక్కడ ఎనిమిది వేల మీటర్ల గోడ ఉంది. అమెరికా మధ్యభాగంలో కెనడా నుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరం దాకా చదునైన మైదానం. ధ్రువానికీ మనకూ మధ్య ఒక్క ముళ్ళకంచే అడ్డం అని టెక్సస్ వాళ్ళ పాత హాస్యం. 2021 జనవరి మొదట్లో ధ్రువం మీద పైవాతావరణం హఠాత్తుగా వేడెక్కి, అక్కడి చలిగాలిని కట్టిపడేసే సుడి చెదిరింది. ఆ గాలి కొన్ని వారాల తర్వాత అడ్డూ అదుపూ లేకుండా దక్షిణానికి జారింది.

చలి ఇలా అప్పుడప్పుడు వచ్చే చోట ఇల్లు కట్టేవాడి బుర్రలో ఎప్పుడూ ఎండే ఉంటుంది. అది తప్పు కాదు. టెక్సస్ ఇంటికి అసలు శత్రువు వేసవి. మిన్నెసోటాలో నీటి లైన్లు ఏడెనిమిది అడుగుల లోతున పాతుతారు, ఇంటి కింద నేలమాళిగ ఉంటుంది, పైపులు దాని వెచ్చదనంలోంచి పైకి వస్తాయి. మైనస్ 30 పడ్డా అక్కడి జనం హాయిగా స్నానం చేస్తారు. టెక్సస్‌లో ఇంటికి పునాది నేల మీద పోసిన కాంక్రీటు పలక. పైపులు దాని కిందినుంచో, లేకపోతే అటక మీంచో రావాలి. అటక అంటే మన పెంకుటిళ్ళలో ఊరగాయ జాడీలు, ఇత్తడి గుండిగలు దాచే చెక్కపలకల అటక కాదు, ఏటవాలు కప్పు కింద ఇల్లంతా పరుచుకున్న ఖాళీ. ఎండాకాలపు వేడి బయటికి పోవడానికి దానికి కావాలనే గాలిరంధ్రాలు పెడతారు. జులైలో మేలు చేసే ఆ రంధ్రాలే ఫిబ్రవరిలో చలిగాలిని లోపలికి తెచ్చి పైపుల మీద పోస్తాయి.

అటకలో పరిచే ఇన్సులేషన్ విషయంలో ఒక సూక్ష్మం ఉంది, చాలా ఇళ్ళలో అది తిరగబడి ఉంటుంది. దుప్పటి వేడి పుట్టించదు, ఉన్న వేడిని పోనివ్వదు. రాయికి దుప్పటి కప్పితే రాయి వెచ్చబడదు. పైపు సీలింగు బోర్డును ఆనుకుని ఉండి, ఇన్సులేషన్ దాని పైన పరిచి ఉంటే ఇంటి వెచ్చదనం పైపుకూ అందుతుంది. ఇన్సులేషన్ కింద, పైపు పైన ఉంటే ఇల్లు వెచ్చగా, పైపు బయట చలిలో. ఎంత మందంగా పరిస్తే పైపుకు అంత చేటు.

పైపుకు చుట్టే నురుగు తొడుగుల కథా ఇలాంటిదే. మైనస్ 7 డిగ్రీల గాలిలో బట్టబయలుగా ఉన్న అరంగుళం పైపు నిండా గడ్డకట్టడానికి ఉజ్జాయింపుగా నాలుగైదు గంటలు పడుతుంది. మంచి తొడుగు వేస్తే ఆ గడువు మూడింతలవుతుందనుకోవచ్చు. ఒక రాత్రి చలికి అది చాలు. నాలుగు రోజుల చలికి, ఇంట్లో హీటరు కూడా ఆగిపోయినప్పుడు, తొడుగు చేసేది వాయిదా మాత్రమే.

ఆ వారం హీటర్లు ఆగిపోయాయి. ఫిబ్రవరి 15 అర్ధరాత్రి దాటాక, 1:20 ప్రాంతంలో, టెక్సస్ కరెంటు గ్రిడ్‌ను నడిపే ఎర్కాట్ సంస్థ కోతలు మొదలుపెట్టమని ఆదేశించింది. 60 హెర్ట్జ్ ఉండాల్సిన పౌనఃపున్యం 59.3కి పడిపోయింది. మరో 4 నిమిషాల 37 సెకన్లు అలాగే ఉంటే రాష్ట్రం మొత్తం చీకట్లోకి, బహుశా వారాల తరబడి, వెళ్ళిపోయేది. కోతలు 20,000 మెగావాట్ల దాకా వెళ్ళాయి, 45 లక్షలకు పైగా ఇళ్ళూ వ్యాపారాలూ కరెంటు పోగొట్టుకున్నాయి. ఈ విపత్తులో రాష్ట్ర ఆరోగ్యశాఖ లెక్కతేల్చిన మృతులు 246 మంది. ఇళ్ళలో పైపులు గడ్డకట్టడానికి కారణమైన ఆ కరెంటు కోత వెనక కూడా గడ్డకట్టిన గొట్టాలే ఉన్నాయి. గ్యాసు బావుల దగ్గర, విద్యుత్ కేంద్రాల దగ్గర సన్నని గొట్టాలు బిగుసుకుపోయాయి. 15వ తేదీ తెల్లవారుజామున గల్ఫ్ తీరాన ఉన్న సౌత్ టెక్సస్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక యూనిట్ ఆగిపోయింది. రియాక్టరుకేమీ కాలేదు. నీటి ఒత్తిడి కొలిచే ఒక సన్నని గొట్టం చలికి పనిచేయక తప్పుడు సంకేతం ఇచ్చింది. దాంతో సుమారు 1,300 మెగావాట్లు గ్రిడ్ నుంచి జారిపోయాయి.

కరెంటు లేకపోవడం కొత్త తరహా నష్టాలనూ తెచ్చింది. టెక్సస్‌లో చాలా కొత్త ఇళ్ళకు వేడినీళ్ళ యంత్రం బయటి గోడకు తగిలించి ఉంటుంది. ట్యాంకు లేని రకం, అప్పటికప్పుడు కాచి ఇచ్చేది. చలి పడితే లోపలి రాగి గొట్టాలను కాపాడటానికి అందులోనే చిన్న హీటరు ఉంటుంది, అది నడిచేది కరెంటు మీద. అపార్టుమెంట్ల కథ మరీ అన్యాయం. అగ్నిప్రమాదం వస్తే నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ల పైపులు అటకల్లో నిండుగా నీటితో ఉంటాయి. వాటికి కారనివ్వడానికి కుళాయి ఉండదు. అద్దెకున్న విద్యార్థులు తమ కుళాయిలన్నీ పద్ధతిగా సన్నధారకు తిప్పి పడుకున్నా, పై అంతస్తు స్ప్రింక్లరు పైపు చీలి పుస్తకాలూ పరుపులూ తడిసిపోయిన ఇళ్ళున్నాయి.

కుళాయి కారనివ్వమనే సలహాకు ఇంకో చిక్కు కూడా ఆ వారమే ఎదురైంది. ఒక ఇంట్లో కారితే మంచిదే. లక్షల ఇళ్ళలో ఒకేసారి కారితే, పైగా పగిలిన పైపులు నీళ్ళు తోడేస్తుంటే, వీధి లైన్లలో ఒత్తిడి పడిపోతుంది. ఆస్టిన్‌లో పగిలిన పైపుల గుండా 32.5 కోట్ల గ్యాలన్ల నీరు పోయిందని అక్కడి నీటి విభాగం అధిపతి ప్రకటించారు. మన లెక్కలో సుమారు 123 కోట్ల లీటర్లు. లైన్లలో ఒత్తిడి తగ్గితే నేలలోని మురికి చీలికల్లోంచి లోపలికి చేరవచ్చు. అందుకే హ్యూస్టన్ ఫిబ్రవరి 17 నుంచి 21 దాకా నీళ్ళు కాచుకునే తాగమంది. రాష్ట్రం మొత్తం మీద ఇలాంటి హెచ్చరికలు కోటీ నలభై లక్షల మందికి తగిలాయి. హ్యూస్టన్ నగరపాలక సంస్థ మరో అడుగు ముందుకేసి, పైపులు కాపాడుకోవడానికి కుళాయిలు వదలొద్దని ప్రజలను కోరింది. ఆసుపత్రులకు, అగ్నిమాపక దళానికి నీళ్ళు అందాలి. టీవీలో వాతావరణ నిపుణుడు కుళాయి వదలమంటాడు, నగరం వద్దంటుంది. సామాన్యుడు ఎవరి మాట వినాలి?

రెండిటికీ తగిన దారి ఒకటుంది, అందుకు ముందురోజే సిద్ధపడాలి. ఇంటికి నీళ్ళొచ్చే ప్రధాన వాల్వు కట్టేసి, పైపులు ఖాళీ చేయడం. పై అంతస్తులోని కుళాయిలు తెరిస్తే గాలి లోపలికి వెళుతుంది, అన్నిటికంటే దిగువనున్న కుళాయి, చాలా ఇళ్ళలో అది తోటలోదే, తెరిస్తే నీరు దిగిపోతుంది. గుడగుడమని చప్పుడు చేసి, దగ్గి, ఆగిపోతుంది. ట్యాంకు ఉన్న వేడినీళ్ళ యంత్రం కూడా ఖాళీ చేస్తే దాని గ్యాసునో కరెంటునో ముందే ఆపాలి, ఉత్త ట్యాంకు కాలిపోతుంది. తాగడానికి గిన్నెల్లో, టాయిలెట్‌కు స్నానపు తొట్టెలో నీళ్ళు పట్టుకోవాలి. వారానికోసారి నల్లా వచ్చే ఊళ్ళలో పెరిగిన తెలుగు తల్లిదండ్రులకు బకెట్లు నింపుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

అసలు కష్టం ఆ వాల్వు ఎక్కడుందో తెలియడంలోనే. డాలస్ ప్రాంతపు ఇళ్ళలో ఒక వాల్వు గరాజులోనో, తోట పొదల మధ్య ఆకుపచ్చ మూత కిందో ఉంటుంది. ఇంకోటి రోడ్డుపక్క మీటరు గుంతలో. రెండోదాన్ని తిప్పడానికి టీ ఆకారపు ఇనుప చెవి కావాలి, హార్డ్‌వేర్ దుకాణంలో కొద్ది డాలర్లకే దొరుకుతుంది. ఆ ఫిబ్రవరిలో సీలింగులోంచి నీళ్ళు కారుతుంటే ఆ చెవి కోసం జనం మంచులో పొరుగిళ్ళ తలుపులు తట్టారు. పైపు జాయింట్లు, గొట్టపు ముక్కలు దుకాణాల్లో నిమిషాల్లో అయిపోయాయి. ప్లంబర్లు చాలక, పక్క రాష్ట్రాల ప్లంబర్లకు తాత్కాలిక అనుమతులిచ్చి రప్పించారు.

పైపు గడ్డకట్టిందని తెలిసినా ఇంకా పగలకపోతే, ఆ కొద్ది గంటల్లో చేసే పనే ఇంటిని నిలబెడుతుంది. ముందు కుళాయి తెరవాలి, చుక్క రాకపోయినా. తర్వాత కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తోనో, వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాళ్ళతోనో వెచ్చబరుస్తూ గడ్డ దిక్కుగా వెళ్ళాలి. కరిగిన నీటికి బయటికి దారి ఉండాలి కదా, నడిమధ్యన కరిగిస్తే ఆ నీరు రెండు గడ్డల మధ్య చిక్కుతుంది. బ్లోలాంప్ లాంటి మంట దగ్గరికి తేకూడదు. కర్ర చట్రాల ఇళ్ళలో గోడలోపలి చెక్క అంటుకుని మొత్తం ఇల్లే కాలిపోయిన సందర్భాలు ప్రతి శీతాకాలంలోనూ అమెరికా అగ్నిమాపక దళాల దృష్టికి వస్తుంటాయి. సింకు కింది అలమారా తలుపులు తెరిచి ఉంచితే ఇంట్లో వెచ్చదనం గోడను తాకుతుంది. పైపు ఇప్పటికే చీలి సీలింగు తడిసి ఉబ్బితే, లైట్ల దగ్గరికి నీరు చేరకముందే ఆ గది బ్రేకరు దించాలి.

కొత్త ఇళ్ళలో రాగి బదులు వాడుతున్న పెక్స్ అనే పాలిథిన్ గొట్టం చాలామందికి మేలు చేసింది. అది ఒత్తిడికి కాస్త ఉబ్బి, కరిగాక మళ్ళీ మామూలు స్థితికి వస్తుంది. రాగి అలా కాదు, ముందు బుగ్గలా ఉబ్బి, తర్వాత చేపనోరులా తెరుచుకుంటుంది. అయితే పెక్స్ గొట్టాలను కలిపే ఇత్తడి, ప్లాస్టిక్ జాయింట్లకు ఆ సాగే గుణం లేదు. గొట్టం బతికి జాయింటు చచ్చిన ఇళ్ళు కొల్లలు. 2022 డిసెంబరు 23 ప్రాంతంలో మరో చలి టెక్సస్ నుంచి టెనెసీ దాకా పడ్డప్పుడు మెంఫిస్, జాక్సన్ లాంటి వెచ్చని ఊళ్ళలో మళ్ళీ లైన్లు పగిలి, మళ్ళీ నీళ్ళు కాచుకోమన్నారు. ఈసారి డాలస్ ఇళ్ళ ముందు తోట కుళాయిలకు తొడిగిన తెల్లటి నురుగు టోపీలు చాలా చోట్ల కనిపించాయి.

చలి తగ్గి, వాల్వు తిరిగి తెరిచే రోజున చూడాల్సింది సీలింగును కాదు. అది చెప్పేసరికి ఆలస్యమవుతుంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, టాయిలెట్ ట్యాంకులు నిండేదాకా ఆగి, టార్చిలైటుతో రోడ్డుపక్క మీటరు గుంత దగ్గరికి వెళ్ళాలి. మూత తీస్తే మీటరు ముఖం మీద, అంకెల పక్కన, చాలా రకాల్లో చిన్న ఎర్ర త్రికోణం ఉంటుంది. చుక్క నీరు కదిలినా అది తిరుగుతుంది. ఐదు నిమిషాలు దాన్నే చూస్తూ ఉండాలి. కదలకుండా ఉంటే ఇంట్లోకి వెళ్ళి కాఫీ పెట్టుకోవచ్చు. నెమ్మదిగానైనా తిరుగుతుంటే, గోడలో ఎక్కడో నీళ్ళు కారుతున్నట్టే. వాల్వు మళ్ళీ కట్టేసి, ఎండిన గోడకు చెవి ఆనించి, ఒక్కో గదీ వెతకాలి.